రంగు చూసి పేరు పెట్టవద్దు
దూకే సాలీళ్లను గుర్తించే పద్ధతిపై తెలుగు పౌరుల సమావేశంలో చేసిన ప్రసంగం



నేను నగరపాలక సంస్థలో అనువాదకురాలిని. ఆస్తిపన్ను నోటీసులు, నీటి సరఫరా వేళలు, టీకాల శిబిరాల ప్రకటనలు తెలుగులోకి తేవడం నా నిత్యకృత్యం. నేను చదివింది తెలుగు సాహిత్యం. అయినా ఈరోజు సాలీళ్ల గురించి మాట్లాడడానికి ఒక కారణం ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. తన పరిధిలోని చెట్టూచేమా, పశుపక్ష్యాదులు, పురుగూపుట్రా ఏమేమి ఉన్నాయో, వాటిని గురించి స్థానికులకు ఏమి తెలుసునో ఆ కమిటీ ప్రజలను అడిగి ఒక రిజిస్టరులో నమోదు చేయించాలి. దానినే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అంటారు. అందులో శాస్త్రీయ నామానికి ఒక గడి, స్థానిక నామానికి ఒక గడి ఉంటాయి. తరతరాలుగా ఇక్కడ నివసిస్తున్న మనం చెప్పే తెలుగు పేరుకూ ఆ రెండవ గడిలో చోటుండాలని నా కోరిక.

చిక్కంతా ఆ గడి నింపేటప్పుడే వస్తుంది. సాలీళ్ల వరుసకు రాగానే అందరి నోటా ఒకటే మాట: సాలెపురుగు. ఏ సాలెపురుగు అని అడిగితే ఎర్రది, నల్లది, చారలది అంటాం. రంగుతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. రంగు దగ్గరే ఆగిపోతే మాత్రం ఒకే జీవికి రెండు పేర్లు పడతాయి, రెండు వేర్వేరు జీవులకు ఒకే పేరు పడుతుంది. దూకే సాలీళ్లలో ఈ పొరపాటుకు అవకాశం మరీ ఎక్కువ, ఎందుకంటే సాలీళ్లన్నింటిలో అత్యంత రంగులమారివి అవే.

ముందుగా మాట సంగతి చూద్దాం. సాలె అంటే నేతగాడు. దారం తీసి గూడు అల్లుతుంది కనుక మన పెద్దలు దీనిని సాలీడు అన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని భివండీకి, సోలాపూర్‌కు, ముంబైకి వచ్చిన పద్మశాలి కుటుంబాలవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. వారికి ఈ మాట నేను విడమరచి చెప్పనక్కరలేదు. మరాఠీలో సాలీడును కోళీ అంటారు. చేపల వేట వృత్తిగా గల కొంకణ తీర సమాజం పేరు కూడా అదే. ఒక భాష దీనిలో మగ్గం మీది నేతగాణ్ణి చూసింది, మరొక భాష వల పట్టిన జాలరిని చూసింది. ఈరోజు మనం చెప్పుకొనే సాలీడు ఈ రెండు పేర్లకూ లొంగదు. అది ఆహారం కోసం గూడు అల్లదు, వల పన్నదు. పిల్లిలా పొంచి, దూరం అంచనా వేసుకొని, ఒక్క దూకు దూకి ఎరను పట్టుకుంటుంది. పండుగ ముందు మీరు బూజుకర్ర పట్టి ఎంత దులిపినా ఇది ఇల్లు విడిచి పోదు. ఆ బూజు దీనిది కాదు మరి.

అట్లాగని దీనికి దారం లేదనుకోవద్దు. దూకే ముందు ఉన్నచోట దారపు కొసను అంటించి మరీ దూకుతుంది. గురి తప్పితే ఆ దారమే పడిపోకుండా నిలుపుతుంది. రాత్రి నిద్రకు, కుబుసం విడవడానికి, గుడ్లు పెట్టడానికి దారంతో చిన్న సంచి వంటి గూడు కట్టుకుంటుంది. సాలీళ్ల కాళ్లలో కొన్ని కీళ్లను ముడవడానికి కండరాలు ఉంటాయి గాని చాచడానికి ఉండవు. శరీరంలోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపి వాటిని చాచుతాయి. దూకే సాలీడు వెనుక కాళ్లలోకి ఆ ఒత్తిడిని ఒక్కసారిగా పంపి ఎగురుతుంది.

సాలెపురుగు అన్న మాటలో పురుగు ఉన్నది గాని సాలీడు కీటకం కాదు. కీటకానికి కాళ్లు ఆరు, సాలీడుకు ఎనిమిది. కీటకం దేహం తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలు. సాలీడుకు తల, వక్షం కలిసిపోయి ఒక భాగం, ఉదరం మరొక భాగం. ఈ లెక్కన అది చీమ కంటే తేలుకు దగ్గరి చుట్టం.

ఇక దూకే సాలీడును మిగిలిన సాలీళ్ల నుండి వేరు చేసే గుర్తు ఒకటే, అది ముఖం. దీనికి నాలుగు జతల కళ్లు. వాటిలో ముందు వరుస నడుమనున్న జత మోటారు వాహనపు దీపాల్లా పెద్దవిగా, మీకేసి సూటిగా చూస్తున్నట్టు ఉంటుంది. ఆ కంటి కటకం కదలదు. లోపలి నేత్రపటలాన్ని అటూ ఇటూ కదుపుతూ అది ఎదుటి వస్తువును పరిశీలిస్తుంది. పక్కలనున్న చిన్న కళ్లు కదలికలను పసిగడతాయి. మీరు దగ్గరకు వెళ్లగానే పారిపోకుండా మీ వైపు తిరిగి చూసే సాలీడు కనబడితే అది ఈ కుటుంబానిదేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. ఈ ఒక్క గుర్తూ రంగుతో పని లేకుండా తెలుస్తుంది.

ఈ కుటుంబం శాస్త్రీయ నామం సాల్టిసిడే. సాలీళ్ల కుటుంబాలలో ఇదే అతి పెద్దది. ఇందులో ఇప్పటికే 6,000కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో నిర్వహించే ప్రపంచ సాలీళ్ల జాబితా 2022 ఏప్రిల్‌లో 50,000 జాతులకు చేరింది. ఆ యాభై వేలవది కూడా దూకే సాలీడే. దక్షిణ అమెరికాకు చెందిన దాని పేరు గురియూరియస్ మినువానో.

శాస్త్రజ్ఞులు పేరు పెట్టే తీరు మన తెలుగువారికి తేలికగా అర్థమవుతుంది. మనం ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక చెబుతాం. ఇక్కడ ఫారాలు నింపేటప్పుడు ఆ వరుస తలకిందులై ఎన్ని తంటాలు వస్తాయో మీకు తెలియనిది కాదు. జంతువుల శాస్త్రీయ నామాలలో మాత్రం మన వరుసే నడుస్తుంది. ముందు ప్రజాతి పేరు, అది ఇంటిపేరు వంటిది. తరువాత జాతి పేరు, అది సొంత పేరు వంటిది. ఆ వెనుక మొదట వర్ణించినవారి పేరు, సంవత్సరం చేరుస్తారు. జంతువుల పేర్లకు సాధారణంగా 1758 ఆరంభ సంవత్సరం. సాలీళ్లకు మాత్రం ఒక మినహాయింపు ఇచ్చారు. స్వీడన్ దేశస్థుడు కార్ల్ క్లెర్క్ 1757లో తన సాలీళ్ల గ్రంథంలో పెట్టిన పేర్లను కూడా అంగీకరించారు. పరిశోధన ముందుకు సాగినకొద్దీ ఒక జాతి ఒక ప్రజాతి నుండి మరొక ప్రజాతికి మారవచ్చు. అప్పుడు ఇంటిపేరు మారుతుంది, సొంత పేరు నిలుస్తుంది. మొదట వర్ణించినవారి పేరును కుండలీకరణాలలో ఉంచి ఆ మార్పును సూచిస్తారు. 2015లో వేన్ మాడిసన్ ఈ కుటుంబం మొత్తానికి వంశవృక్షాన్ని అనుసరించిన వర్గీకరణను ప్రచురించారు. ఈనాటి చర్చలకు అది ముఖ్యమైన ఆధారం.

ఇప్పుడు రంగు ఎందుకు నమ్మరానిదో చూద్దాం.

మొదటి కారణం ఆడ, మగ భేదం. మన ఇళ్ల గోడల మీద ట్యూబులైటు దగ్గర కాచుకొని ఉండే ప్లెక్సిప్పస్ పేకుల్లి అనే సాలీడును తీసుకోండి. 1826లో ఈజిప్టు నమూనాల ఆధారంగా పేరు పెట్టిన ఈ జాతి నేడు వెచ్చని దేశాలన్నింటా మనుషుల ఇళ్లలో ఉంది. మగది నల్లగా ఉండి వీపు నడుమ తెల్లని చార, పక్కల తెల్లని పట్టీలు కలిగి ఉంటుంది. ఆడది గోధుమ బూడిద కలిసిన రంగు. రెంటినీ పక్కపక్కన చూసినవారు ఒకే జాతి అనుకోరు. ఉదరం చివరికి దగ్గరగా ఉండే రెండు తెల్లని మచ్చలను గమనిస్తే మాత్రం బంధుత్వం తెలుస్తుంది. హసారియస్ అడాన్సోనై అనే మరొక ఇంటి సాలీడులోనూ అంతే. మగది నల్లగా, ఉదరం ముందు భాగాన తెల్లని నెలవంక వంటి పట్టీతో సొగసుగా ఉంటుంది. ఆడది సాదా గోధుమ రంగు. ఈ కుటుంబంలో ఆడదో మగదో ఒక్కటే తెలిసి, రెండవది ఇంకా తేలని జాతులు నేటికీ ఎన్నో ఉన్నాయి.

రెండవ కారణం వయస్సు. పిల్ల సాలీడు పలుమార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. మగదానికి దాని అసలు వేషం చివరి కుబుసం తరువాతనే వస్తుంది. అంతవరకు అది తల్లి పోలికతోనే ఉండవచ్చు. పెద్దదైన పిమ్మట ఒంటి మీది సన్నని పొలుసులు, నూగు రాలిపోతే రంగు మళ్లీ మారుతుంది.

మూడవ కారణం వెలుగు. కొన్నింటి నీలం, ఆకుపచ్చ మెరుపులు రంగుద్రవ్యం వల్ల పుట్టినవి కావు. నెమలి ఈకలో వలె అతి సన్నని పొలుసుల నిర్మాణం మీద వెలుగు పడి చెదరడం వల్ల కలుగుతాయి. చూసే కోణం మారితే రంగు మారుతుంది. పొదల ఆకుల మీద తిరిగే ఫింటెల్లా విట్టాటా అనే చిన్న సాలీడు ఎండలో వెండి, నీలి పట్టీలతో మెరుస్తుంది, నీడలో వెలవెలబోతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. పూర్వపు పండితులలో చాలామంది దూరదేశాల నుండి స్పిరిటులో వచ్చిన నమూనాలను చూసి వర్ణించారు. స్పిరిటులో రంగులు వెలిసిపోతాయి. కనుక వారి పుస్తకంలోని రంగు, మన గోడ మీది రంగు ఒకటే కావాలని లేదు.

నాలుగవ కారణం వేషం. మామిడి ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమల బారులో ఒక చీమ ఏదో తేడాగా నడుస్తున్నట్టు కనిపిస్తే ఆగి కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే అది మిర్మప్లాటా ప్లాటలియోయిడెస్. ముందరి కాళ్లను మీసాల్లా పైకెత్తి చీమలా నటించే దూకే సాలీడు ఇది. దాని మగదానికి దవడలు ఎంత పొడుగంటే, ఒక చీమ మరొక చీమను నోట కరచుకొని పోతున్నట్టు ఉంటుంది. 1869లో వర్ణించిన ఈ జాతి చాలాకాలం మిర్మరాక్నె అనే ప్రజాతిలో ఉండి ఈ మధ్యనే కొత్త ఇంటిపేరు పొందింది.

మరి తుది తీర్పు దేనిని బట్టి? పెద్దదైన మగ సాలీడు ముఖం ముందు పొట్టి చేతుల వంటి అంగాలు రెండు ఉంటాయి. వాటి కొసలు ముష్టియుద్ధం చేసేవారి తొడుగుల్లా ఉబ్బి కనిపిస్తాయి. వీటిని పెడిపాల్పులు అంటారు. సంయోగానికి ఉపయోగపడే ఈ కొసల నిర్మాణం, ఆడదాని ఉదరం అడుగున ఉండే ఫలకం నిర్మాణం, ఈ రెండూ జాతి జాతికీ వేరుగా ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద వాటిని పరిశీలించి, పాత నమూనాలతో పోల్చి, ఈనాడు అవసరమైతే జన్యుపదార్థాన్ని కూడా చూసి నిపుణులు పేరు నిశ్చయిస్తారు. పిల్ల సాలీళ్లకు ఈ అంగాలు పూర్తిగా ఏర్పడవు. అందుచేత వాటిని జాతి వరకు గుర్తించడం తరచు సాధ్యం కాదు.

పైరూపం చూసి పేరు పెడితే ఏమవుతుందో చెప్పే కథ ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి నెమలి సాలీళ్ల ప్రజాతి పేరు మరాటస్. మగదానికి ఉదరం ఇరుపక్కలా ముడుచుకొని ఉండే రంగురంగుల రేకులు ఉంటాయి. 1874లో ఇంగ్లండు మతాచార్యుడు ఆక్టేవియస్ పికార్డ్ కేంబ్రిడ్జ్ ఒకదానికి ఎగిరేది అని అర్థం వచ్చేలా వోలన్స్ అని పేరు పెట్టారు. రేకులను రెక్కల్లా చాచి గాలిలో తేలుతుందని అప్పట్లో అనుకున్నారు. నిజానికి మగది ఆ రేకులను పురి విప్పినట్టు ఎత్తి ఆడదాని ముందు నాట్యమాడుతుంది. కారణం తప్పని తేలినా నియమం ప్రకారం పేరు అట్లాగే నిలిచిపోయింది.

తప్పు పేరు వల్ల వచ్చే చెరుపు పుస్తకాలకే పరిమితం కాదు. మన దేశం నుండి ఆగ్నేయాసియా వరకు ఉండే అందమైన దూకే సాలీడు ఒకటి ఉంది. దాని పేరు టెలమోనియా డిమిడియాటా. ఆడది లేత పసుపు, ఉదరం మీద నిలువునా రెండు ఎర్రని చారలు. మగది ముదురు రంగు, తెల్లని గుర్తులు. 1899లో ఫ్రెంచి పండితుడు యూజెన్ సీమోన్ దీనిని వర్ణించారు. సరిగ్గా వంద సంవత్సరాలకు, 1999లో, మరుగుదొడ్డి పీటల కింద దాగి మనుషులను చంపే సాలీడు అంటూ ఇంగ్లీషులో ఒక కట్టుకథ ఈమెయిళ్లలో తిరిగింది. అందులోని సాలీడు పేరు కూడా కల్పితమే. 2002లో అదే కథ మళ్లీ బయలుదేరింది. ఈసారి ఎవరో దానికి ఈ టెలమోనియా పేరు తగిలించారు. నిజమైన శాస్త్రీయ నామం ఉండడంతో కథకు నమ్మకం పెరిగింది. ఏ పాపమూ ఎరుగని జీవి హంతకి అయింది. ఇటువంటి కబుర్లు ఇప్పుడు ఫోన్లలో నిమిషంలో చేరతాయి. ఎర్రచారల బొమ్మ చూసి భయపడి పంపేవారే గాని, ఇది ఏ కుటుంబానిది, ఏ దేశానిది అని ఆగి అడిగేవారు తక్కువ.

దూకే సాలీళ్లు మనిషికి ప్రమాదకరమైనవి కావు. చేత నలిపితే ఎప్పుడైనా కరవవచ్చు. సాధారణంగా కొద్దిపాటి మంట, దురదతో పోతుంది. వాపు తగ్గకపోతే, ఊపిరి ఆడడం కష్టమైతే ఏ పురుగు కుట్టినా చేసినట్టే వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. అవి ఇంట్లోని ఈగలను, దోమలను, చిన్న పురుగులను తింటాయి. తూర్పు ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు ప్రాంతంలో ఉండే ఎవార్కా క్యులిసివోరా అనే జాతి, రక్తం తాగిన దోమలనే ఏరి పట్టుకుంటుంది. అయితే సాలీడు ఉన్నది కదా అని తొట్టిలో నీరు నిల్వ ఉంచవద్దు. డెంగీని ఆపవలసినది మన మూతలు, మన శుభ్రత.

సరైన పేరు ఎంత గౌరవం తేగలదో చెప్పడానికి మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. ఠాణే, కల్యాణ్ ప్రాంతంలో దొరికిన ఒక కొత్త జాతి దూకే సాలీడుకు 2021లో పరిశోధకులు ఐసియస్ తుకారామి అని పేరు పెట్టారు. 2008 నవంబరు 26 రాత్రి ముంబై గిర్గావ్ చౌపాటీ వద్ద ఉగ్రవాది తుపాకిని వదలకుండా పట్టుకొని ప్రాణాలు అర్పించిన పోలీసు ఉద్యోగి తుకారాం ఓంబ్లే స్మృతికి అది నివాళి. అశోకచక్ర పురస్కారం పొందిన ఆ వీరుని పేరు సాలీళ్ల ప్రపంచ జాబితాలో చేరింది. ఆ జాతి దొరికింది దూరపు కీకారణ్యంలో కాదు, లక్షలమంది రైళ్లలో రాకపోకలు సాగించే ఈ ప్రాంతంలోనే. మన గోడలు, కంచెలు, పెరటి మొక్కలు ఇంకా చదవని పుస్తకమని ఈ ఒక్క ఉదాహరణ చాటుతున్నది.

చివరగా మీరు చేయగలిగిన పని చెబుతాను. దూకే సాలీడు కనబడితే మూడు ఫోటోలు తీయండి: ముఖం, వీపు, పక్కవాటు. ముఖం కుటుంబాన్ని చెబుతుంది. వీపు మీది గుర్తుల అమరిక ప్రజాతి వైపు దారి చూపుతుంది. పక్కవాటు నుండి ఒళ్లు గోడకు అంటినట్టు చదునుగా ఉన్నదా, ఉబ్బుగా ఉన్నదా తెలుస్తుంది. మన గోడల మీది బూడిదరంగు మెనెమెరస్ బివిట్టాటస్‌ను ఆ చదునుదనాన్ని బట్టే చాలావరకు పోల్చవచ్చు. ముఖం ముందరి చేతుల కొసలు ఉబ్బి ఉంటే మగది అని రాయండి. దగ్గరలో వేరే రంగు జోడు కనిపిస్తే దానిని కూడా తీయండి. తేదీ, చోటు, గోడ మీదనా ఆకు మీదనా, ఏ మొక్క, ఏమి తింటున్నది అన్నవి రాయండి. దానిని చంపనక్కరలేదు. పారదర్శకమైన డబ్బాలో కాసేపు ఉంచి, ఫోటో తీసి, పట్టిన చోటనే వదిలేయండి.

రంగును తప్పక రాయండి గాని పేరు గడిలో రాయవద్దు, వర్ణన గడిలో రాయండి. కుటుంబం వరకే తెలిస్తే కుటుంబం దగ్గరే ఆగండి. జాతి తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి. ఖాళీ గడిని రేపు ఒక నిపుణుడు చూసి నింపుతాడు. తప్పుగా నిండిన గడిని ఎవరూ మళ్లీ తెరిచి చూడరు. ఇక తెలుగు పేరు సంగతి. మీ ఊళ్లో అమ్మమ్మలు, తాతయ్యలు ఈ దూకే సాలీడును ఏమని పిలిచేవారో అడిగి తెలుసుకోండి. ఊరి పేరుతో సహా రాసి ఇవ్వండి. నేను కొత్త మాట కల్పించడం కంటే, వాడుకలో ఉన్న మాట ఒకటి దొరికితే ఆ గడికి ఎక్కువ న్యాయం జరుగుతుంది.

నమోదు పత్రాలు ద్వారం దగ్గరి బల్ల మీద ఉన్నాయి. వాటిని తెలుగులోనే నింపవచ్చు. మరాఠీలోకి, ఇంగ్లీషులోకి మార్చే పని నాది.  ప్రశ్నలుంటే అడగండి, ముందు పిల్లలు.